ఒకే కొమ్మకి రెండు కార్డులు

"దొంగ దొరికేశాక వచ్చావేంటక్కా? సరే, ఎలాగూ వచ్చావు, టీ తాగి వెళ్లు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాన్ఫరెన్స్ రూము గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి.

ఆరా అక్క టీ తీసుకుంది గానీ వెళ్లలేదు. ఆ చెయ్యి కిందనుంచి దూరి లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ ఆవిడకి సొంత తమ్ముడు. ఆరా అక్క అన్న పేరు కూడా వాడు పెట్టిందే. చిన్నప్పుడు అమ్మ దాచిన బిస్కెట్లు తినేసి పిల్లి మీదికి తోస్తే, "పిల్లి తింటే తిన్నది, డబ్బా మూత మళ్లీ ఎలా పెట్టిందిరా?" అని అడిగి వీపు వాయగొట్టించింది. ఆ కోపంలో పెట్టిన పేరు ఊరంతా పాకిపోయింది.

బల్లకి అటువైపు ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆఫీసులో అందరూ కంచెమ్మ అంటారు. ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. మెడలో ఐడీ కార్డు తాడుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది, అంతే.

కింద రిసెప్షన్‌లో ఆ అమ్మాయి అత్తగారు కూర్చుని ఉంది. అక్కకి కబురు పెట్టింది ఆవిడే. కోడలి మీద కంప్లయింటుతో వచ్చిన అత్తగార్లని అక్క బోలెడుమందిని చూసింది. కోడలి కోసం డిటెక్టివ్‌ని పెట్టిన అత్తగారిని చూడటం ఇదే మొదలు.

"మావారు పోయి ఆర్నెల్లు కాలేదమ్మా," అంది ఆవిడ ఇందాక కింద, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఆస్పత్రిలో ఆయన పక్కన నాకంటే ఎక్కువసేపు కూర్చుంది అదే. డ్రిప్ మెషీన్ చూపించి, 'ఇది మా కంపెనీదే అత్తయ్యా, తప్పు చెయ్యదు, మీరు కాసేపు నడుం వాల్చండి' అనేది. అది దొంగేంటమ్మా! సాయంత్రం లోపల దాన్ని ఇంటికి పంపించు, నీ కాళ్లు పట్టుకుంటాను."

డ్రిప్ మెషీన్లే ఈ కంపెనీ వ్యాపారం. రోగి మంచం పక్కన నిలబడి చుక్కచుక్కా కొలిచి మందు ఎక్కిస్తాయి. అవి ఎవరు పడితే వాళ్లు చెబితే వినవు. కంపెనీ తాళంచెవితో ముద్ర పడిన ఆర్డర్ వస్తేనే వింటాయి. తాళంచెవి అంటే ఇనపముక్క కాదు, బారెడు పొడుగున్న ఒక రహస్యమైన అంకె. మొన్న పొద్దున ఎవరో కంపెనీకి ఒక మెయిల్ పంపారు. "మీ తాళంచెవి నా దగ్గరుంది" అని ఒక్క ముక్క, దాని కింద ముద్ర వేసిన ఆర్డర్ ఒకటి. ల్యాబ్‌లో ఉన్న డ్రిప్ మెషీన్‌కి ఆ ఆర్డర్ ఇచ్చి చూస్తే, అది బుద్ధిగా విని చెప్పింది చేసేసింది. కంపెనీ మొత్తం గుండె ఆగినంత పనైంది.

"చూడక్కా, చాలా సింపుల్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తాళంచెవి చుట్టూ కాపలా కోడ్ మొత్తం రాసింది ఈవిడ. ఈ కంపెనీ యజమాని, అదే పెద్దసారు, కాపీ ఒకటి ఇవ్వమని రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదు? తనొక్కతే ఉంచుకుందామని. ఇంకేం కావాలి?"

"మెయిల్ పంపినవాడు ఏం అడిగాడు?"

"అంటే?"

"బెదిరించాడు కదరా. ఏం కావాలన్నాడు?"

"ఇంకా ఏం అడగలేదు."

"వింత బెదిరింపే," అని అక్క అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఆ అంకె ఎక్కడుంటుంది? నాకు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పు. మావాడు పొద్దున్నుంచీ కెర్నెల్, కెర్నెల్ అని జపం చేస్తున్నాడు, వాడికైనా అర్థమైందో లేదో."

కంచెమ్మ మొదటిసారి తలెత్తింది. పని గురించి అడిగేసరికి ఆ మొహంలోకి ప్రాణం వచ్చింది.

"మామూలుగా చిప్‌లో సీలు వేసి ఉంటుందండి. ముద్ర వెయ్యాల్సొచ్చినప్పుడు మాత్రం బయటికొచ్చి, కంప్యూటర్ మెమరీలో ఒకే ఒక్క పేజీలో కూర్చుంటుంది. కంప్యూటర్ వెనక స్లాట్‌లో గుచ్చిన ముద్రల కార్డని ఒకటుంది. అది ఆ పేజీ చదువుకుని ముద్ర వేస్తుంది. వెయ్యగానే నేను పేజీ తుడిచేస్తాను."

"నువ్వా?"

"నా కోడండి. అలవాటుగా నేను అనేస్తాను." కొంచెం సిగ్గుపడింది. "కెర్నెల్ అంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. ఏ ఫ్లాట్ తాళమైనా ఆయన గుత్తిలో ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఏ గదిలోకి వెళ్లాలన్నా ఆయన్ని అడగాల్సిందే."

"అదే కదా నేననేది!" ఇన్‌స్పెక్టర్ బల్ల మీద చరిచాడు. "వాచ్‌మన్‌ని రాసింది నువ్వే. వాచ్‌మన్ ఏ గదైనా చూస్తాడు."

"ఈ గది చూడలేడండి. దాని తాళం ఆయన గుత్తిలోంచి కూడా తీసేశాను. ఆయన దగ్గరున్న మ్యాపులో ఆ గదికి తలుపే ఉండదు. నేనే కూర్చుని చదవబోయినా మెషీన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పెద్దసారు అడిగినప్పుడు కూడా అదే చెప్పాను. ఇవ్వను అనలేదు, ఇవ్వడం నావల్ల కాదన్నాను. నేను కట్టిన గోడ నన్నూ లోపలికి రానివ్వదు."

అక్క టీ తాగడం ఆపేసింది. తాళాలు చేసేవాళ్లని, బీరువాలు చేసేవాళ్లని ఎంతోమందిని చూసింది. అందరూ తమకోసం ఒక దొంగదారి ఉంచుకునేవాళ్లే. అందరికంటే ముందు తననే బయట పెట్టి తలుపేసుకున్న మనిషిని ఇప్పుడే చూస్తోంది. భలే పిల్ల, అనుకుంది మనసులో.

"మరి ముద్రల కార్డు ఎలా చదువుతుంది?"

"కార్డులు వాచ్‌మన్‌ని అడగవండి, నేరుగా మెమరీలోకి నడిచి వెళ్లిపోతాయి. అందుకని గేటు దగ్గర వేరే కంచె ఉంటుంది. ఏ కార్డుకి ఏ గదికి పాసు అన్నది అక్కడ తేలుతుంది. ఆ పేజీకి పాసు ముద్రల కార్డు ఒక్కదానికే ఇచ్చాను."

"ఆ కంప్యూటర్ ఒకసారి చూడాలి," అని అక్క లేచింది.

"చూడు, చూడు. దుమ్ము దులిపి మరీ చూడు," అన్నాడు తమ్ముడు.

ల్యాబ్ తలుపు తియ్యగానే చలి మొహాన కొట్టింది. గళ్ల చొక్కా మీద స్వెట్టర్ వేసుకున్న పెద్దాయన ఎదురొచ్చాడు. ల్యాబ్ మొత్తం ఈయన చేతి మీదే నడుస్తుంది. మెషీన్లకి ఎక్కడ వేడి తగులుతుందోనని రోజంతా హైరానా పడుతుంటాడని అందరూ ఏసీ బాబాయ్ అంటారు.

"ఆ పిల్ల అలాంటిది కాదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఉద్యోగంలో చేరిన రోజున స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది నేనే. పొద్దున్నుంచీ ఏం తినలేదట, టీ కూడా నేనే పంపించాను."

మాటలో తడి ఉంది. అక్క తలూపి, ముద్రలు వేసే కంప్యూటర్ వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. వెనకవైపు నిలువుగా స్లాట్లు వరసగా ఉన్నాయి. రెండు స్లాట్లలో కార్డులున్నాయి, పక్కపక్కనే. ఒకటి ముద్రల కార్డు. రెండోదానికి నెట్‌వర్క్ కేబుల్ తగిలించి ఉంది. మిగతావన్నీ ఖాళీ. ఖాళీ స్లాట్లకి సన్నటి ఇనప రేకులు బిగించి ఉన్నాయి. ఏళ్ల తరబడి గాలి కొట్టి రేకులన్నీ బూడిద రంగుకి తిరిగాయి.

ఒక్కటి తప్ప. అన్నిటికంటే చివర, కార్డులకి దూరంగా ఉన్న స్లాట్ రేకు తళతళలాడుతోంది.

అక్క కళ్లు కేబుల్ మీదికి వెళ్లాయి. పై కొక్కెం నుంచి సరిగ్గా ఆ చివరి స్లాట్ దాకా వచ్చేంత పొడుగుంది. ఇప్పుడు అంత దూరం పోవక్కర్లేదు కాబట్టి, మిగిలిన ముక్కని చుట్ట చుట్టి క్లిప్పు పెట్టారు. ఎంత ముద్దుగా చుట్టారంటే, చూసినవాళ్లు మెచ్చుకోవాలి.

"ఎంత శుభ్రంగా పెట్టుకున్నారు బాబాయ్!" అంది లేస్తూ. "మా ఇంట్లో టీవీ వెనకాల చూస్తే మీరు కళ్లు తిరిగి పడిపోతారు. ఈ రేకులెందుకు, అందానికా?"

బాబాయ్ మొహం వెలిగిపోయింది. "అందానికి కాదమ్మా! స్లాట్ తెరిచి ఉంటే గాలి పక్కదారి పట్టి, లోపల మెషీన్ ఉడికిపోతుంది. ఇంకెక్కడైనా వదిలేస్తారేమో గానీ, నా ల్యాబ్‌లో ఒక్క కన్నం తెరిచి ఉండదు. పోయిన ఆదివారం కూడా మెషీన్ ఆపి, నా చేతుల్తో క్లీన్ చేశాను."

"ఎవరూ లేరా సాయానికి?"

"ఆదివారం ఎవరొస్తారు? నేనొక్కణ్నే."

అక్క ఇంకేం అడగలేదు. మూత పెట్టే పిల్లి దొరికింది. బయటి దొంగైతే చివరి స్లాట్‌లోని కార్డు తీసి ముద్రల కార్డు పక్కకి మార్చి, ఖాళీ అయిన కన్నాన్ని అలాగే వదిలేసి పారిపోయేవాడు. ఈయన చెయ్యి అందుకు ఒప్పుకోలేదు. దొంగపని చేస్తూ కూడా కొత్త రేకు వెతికి తెచ్చి బిగించింది. ఆ పనితనం చూస్తే అక్కకి జాలేసింది కూడా.

కారిడార్‌లో తమ్ముడు ఎదురయ్యాడు. "దొరికిందా దుమ్ము?"

"ఒక్క పావుగంట ఆగరా. ఆ అమ్మాయిని కదపకు."

"ఎందుకాగాలి? పెద్దసారు నా మీద కూర్చున్నాడు. ఆస్పత్రుల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. ఆవిడ ఇక్కడ ఉన్నంతసేపు వాళ్లకేం చెప్పాలంటున్నాడు."

"ఆయనకి అంత తొందరేంటి?"

"నీకు అడ్డం తిరగడం తప్ప ఇంకేం రాదక్కా. క్యారమ్స్‌లో కూడా ఇంతే. నేను స్ట్రైకర్ పట్టుకుంటే చాలు, ఆగు ఆగు అనేదానివి."

"నువ్వు గీత దాటించి కొట్టేవాడివి మరి. ఇప్పుడూ అదే చేస్తున్నావు."

వాడు మొహం మాడ్చుకుని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అక్క కాన్ఫరెన్స్ రూములోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. లోపల కంచెమ్మ ఒక్కతే ఉంది.

"ఒక్క మాట చెప్పమ్మా. ముద్రల కార్డు పక్క స్లాట్‌లో ఇంకో కార్డు పెడితే ఏమవుతుంది?"

తాడు చుడుతున్న వేలు ఆగిపోయింది.

"ఆ రెండు స్లాట్లూ లోపల ఒకే కొమ్మకి వేలాడుతుంటాయండి," అంది నెమ్మదిగా. "కంచె దగ్గర కొమ్మకి ఒక్కటే పాసు. ఒక కార్డుకి ఇచ్చిన పాసు పక్కదానికీ చెల్లుతుంది. అందుకే ఆ స్లాట్ ఎప్పుడూ ఖాళీగా ఉంచమన్నాను."

"అంటే పక్క కార్డు ఆ పేజీ చదివి, కేబుల్‌లోంచి బయటికి పంపెయ్యగలదు."

"పంపగలదు."

"వాచ్‌మన్‌కి కూడా తాళం ఇవ్వనిదానివి, నీ మీద నీకే నమ్మకం పెట్టుకోనిదానివి. పక్కన ఎవరైనా వచ్చి కూర్చున్నారా అని నీ కోడ్ చూసుకోదా?"

ఇంతసేపూ అడిగిన ప్రతిదానికీ కళ్లలోకి చూసి చెప్పిన పిల్ల, ఇప్పుడు తలుపు వైపు చూసింది. "అక్కా, దయచేసి అది మాత్రం అడక్కండి," అంది.

భయపడి అన్న మాట కాదది. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేదాకా ఎవరూ కదిలించొద్దన్నట్టు అంది. అక్కకి అప్పుడు వెలిగింది. చూసుకుంటుంది! కచ్చితంగా చూసుకుంటుంది! కార్డు మారిన రోజునే ఈ పిల్లకి తెలుసు. తెలిసీ నోరు మూసుకుని, దొంగ అనిపించుకుంటూ, సంకెళ్లకి సిద్ధపడి కూర్చుంది. ఎందుకు?

ఏమీ అడగని బెదిరింపు మెయిల్ గుర్తొచ్చింది. ఆ మెయిల్ వల్ల జరిగేది ఒక్కటే. కంచెమ్మ సీట్లోంచి లేచిపోతుంది. దొంగకి కావాల్సిందీ అదే. ఆమె లేచాక వాడు ఇంకేదో చెయ్యాలి. వాడు అది చెయ్యాలని ఈమె కూడా కాచుకుని ఉంది.

తలుపు తెరుచుకుంది. ముందు పెద్దసారు, వెనకాల తమ్ముడు, ఆ వెనక ట్రేలో టీ కప్పులతో ఏసీ బాబాయ్. పెద్దసారంటే ఈయనే. తెల్ల చొక్కా, మెత్తటి మాట.

"ఏమండీ, ఏమైనా తేలిందా?" అన్నాడు అక్కతో.

అక్క ఒక్క క్షణం కంచెమ్మని చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "నువ్వే రైటురా. ఈ అమ్మాయే. తీసుకెళ్లు," అంది.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట ఆ మాట విన్నది లేదు. ఆనందపడాలో అనుమానపడాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. బాబాయ్ చేతిలో ట్రే గలగలలాడింది. కంచెమ్మ మాత్రం లేచి నిలబడి, అక్కని చూసి, చూసీచూడనట్టు తలూపింది.

లిఫ్టు తలుపులు మూసుకున్నాక అక్క తమ్ముడి చెవి పట్టుకుంది. లోపల వాళ్లు ముగ్గురే ఉన్నారు.

"అరెస్టు గిరెస్టు ఏం లేదు. ముద్రల కార్డు పక్కకి ఇంకో కార్డు మార్చి పెట్టింది ఆ ఏసీ బాబాయ్. ఈ పిల్ల దగ్గర లాక్కున్న ఫోన్ నీ జేబులో ఉంది కదా, తియ్యి. నువ్వు చెప్పమ్మా, ఇప్పుడు చెప్పొచ్చు. పక్కన కార్డు కనపడగానే నీ కోడ్ ఏం చేసింది?"

"అసలు తాళంచెవిని చిప్‌లోంచి బయటికే రానివ్వలేదండి. దాని బదులు దొంగ తాళంచెవి తెచ్చి ఆ పేజీలో కూర్చోబెట్టింది. వాళ్లు పట్టుకుపోయింది దాన్నే."

"మరి ల్యాబ్‌లో మెషీన్ ఆ ముద్ర ఒప్పుకుందిగా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, చెవి రుద్దుకుంటూ.

"ఆ ఒక్క మెషీన్‌కి ఒప్పుకోమని నేనే ముందుగా చెప్పి పెట్టానండి. దొంగకి నమ్మకం కుదరాలి కదా. ఆస్పత్రుల్లో మెషీన్లు ఒప్పుకోవు. పంపినవాడికి 'సరే, అయిపోయింది' అని జవాబిస్తాయి, పని మాత్రం చెయ్యవు. ఎవరు పంపారో, ఏం పంపారో నా ఫోన్‌కి చెబుతాయి. నేను సీట్లో ఉండగా ఎవరూ పంపరు, నా స్క్రీన్ మీద కనపడుతుందని వాళ్లకి తెలుసు. అందుకే ఈ రెండు రోజులూ..." ఐడీ తాడు వేలికి బిగించి చుట్టుకుంది. "చెబితే బయటికి పొక్కుతుందని ఎవరికీ చెప్పలేదు. మా అత్తయ్యకి కూడా."

ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "నేను నిన్ను ఏమేమన్నానో," అని సణిగి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దాన్ని పనితనం అంటార్రా," అంది అక్క. ఆవిడ కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు కూడా.

కింద రిసెప్షన్‌లో అత్తగారు కోడల్నీ పోలీసునీ కలిపి చూసి సోఫాలోంచి ఒక్క ఉదుటున లేచింది. "ఇంటికి పంపించమంటే జైలుకి పంపిస్తావా తల్లీ! నిన్ను నమ్ముకున్నాను చూడు, నన్ననుకోవాలి!" అని అక్క మీద విరుచుకుపడింది. అక్క మారు మాట్లాడకుండా పడింది. కంచెమ్మ వెళ్లి ఆవిడ భుజాలు పట్టుకుంది.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫోన్ గుర్రుమంది.

"వచ్చింది," అంది కంచెమ్మ. గబుక్కున అందుకుని చదివింది. "ఇక్కడినుంచే పంపారు. పెద్దసారు గదిలో కంప్యూటర్."

"పెద్దసారా!" ఇన్‌స్పెక్టర్ నోరెళ్లబెట్టాడు. "బాబాయ్ కార్డు మార్చింది ఆయన కోసమా? సొంత కంపెనీ మెషీన్లకి సొంత యజమాని దొంగ ఆర్డర్ పంపడమేంటి? ఏమని పంపాడు? మందు ఎక్కువ ఎక్కించమనా?"

"కాదండి. మందు గురించి కాదు. పాత రికార్డు చెరిపెయ్యమని. ఏ పూట ఎంత మందు ఎక్కించిందో ప్రతి మెషీనూ తనలో గుర్తు పెట్టుకుంటుంది. ముద్ర లేకుండా అది చెరగదు. ఒక్క మెషీన్‌లో, ఒక్క రాత్రి రికార్డు..."

ఫోన్ దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూసింది.

"ఏమైందమ్మా?" అంది అక్క.

"ఈ మెషీన్ నంబరు నాకు నోటికొచ్చు. పక్కన కూర్చుని అన్ని రోజులు చూశాను కదా." అత్తగారి భుజం వదిలి ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకుంది. "మావయ్యగారు పోయాక, ఆ రాత్రి ఎంత ఎక్కిందో ఒకసారి చూస్తానని పెద్దసారుని అడిగాను. అనుమానంతో కాదు, మనసు ఊరుకోక. ఆస్పత్రి వాళ్ల వస్తువు మనం ముట్టుకోకూడదన్నారు. ఆ తర్వాతే తాళంచెవి కాపీ కావాలన్నారు. అత్తయ్యా, ఇది మావయ్యగారి మంచం పక్కన ఉన్న మెషీన్."

అత్తగారికి అంతా అర్థం కాలేదు. అర్థమైనంత వరకు చాలు. సోఫా చెయ్యి పట్టుకుని నిలబడింది.

"తప్పు చెయ్యదన్నావు కదే," అంది చిన్నగా.

అక్క ఒక్క అడుగు ముందుకేసి, "రికార్డు చెరిగిందా?" అని అడిగింది.

"లేదు. ఉంది. ఒక్క అక్షరం పోకుండా అక్కడే ఉంది."

లిఫ్టు గంట మోగి తలుపులు తెరుచుకున్నాయి. పెద్దసారు, ఆయన వెనక ఏసీ బాబాయ్. పెద్దసారు రెండు చేతులూ జోడించి, ఎక్కడలేని జాలిని మొహం నిండా పులుముకుని బయటికొచ్చాడు.

"అయ్యో, పెద్దమ్మగారూ! మొన్ననేమో అలా, ఇప్పుడేమో ఇలా. మీ ఇంటికి ఎన్ని కష్టాలండీ. నాకు చేతనైన సాయం ఏదైనా..."

ఆవిడ కొంగు దించి, మొహం తుడుచుకోకుండా, నేరుగా ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

"సాయం తర్వాత చేద్దువు గాని బాబూ. మావారు పోయిన రాత్రి ఆ మెషీన్‌లో ఏముందని చెరపబోయావు?"

పెద్దసారు జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. వెనకాల ఏసీ బాబాయ్ తల దించుకుని, "ఇందుకని నాకు తెలీదు పిల్లా, ఒట్టు," అన్నాడు. మూసుకోబోతున్న లిఫ్టు తలుపుకి ఇన్‌స్పెక్టర్ బూటు అడ్డం పెట్టాడు.